కూర్చోనివ్వని నొప్పి: సర్జన్‌ను ఎంచుకునే దారి

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ నుంచీ దాదాపు అంతే. కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకునే ఆ బస్సుల్లో, పక్కన సీటు ఖాళీ అయినా కూర్చోకుండా కడ్డీ పట్టుకొని నిలబడే మనిషి అప్పుడప్పుడూ కనపడతారు. కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టు ఉంటుంది. లేచి నిలబడితే తగ్గుతుంది, పడుకుంటే ఇంకా తగ్గుతుంది. రాత్రి నిద్ర పడుతుంది. తెల్లారి పనిలో కూర్చోగానే మళ్లీ మొదలు. దీన్ని ప్యుడెండల్ న్యూరాల్జియా అంటారు. నరం ఎక్కడో ఇరుక్కుని నలగడం వల్ల వస్తే ప్యుడెండల్ నర్వ్ ఎంట్రాప్‌మెంట్ అంటారు. ఇరుక్కున్న నరాన్ని విడిపించే ఆపరేషన్ ఉంది. దాన్ని చేసే చేతులు మాత్రం తక్కువ.

ఆ తక్కువ చేతుల్లో ఏ చేతిని ఎంచుకోవాలన్నదే ఈ కథనం. నేను ఎవరి పేరూ సూచించను. పేరు దాకా పోకముందే చేసుకోవాల్సిన పని చాలా ఉంది, అది సరిగ్గా చేసుకున్నవాళ్లకు ఎంపిక సగం తేలికవుతుంది. ఒక మాట మాత్రం మొదటే చెబుతాను. ‘ఆపరేషన్ చేద్దాం’ అని అందరికంటే ముందు అన్న డాక్టర్‌ను కాదు, ‘ఇది ఈ నరం కాకపోవచ్చు, ముందు అది తేల్చుకుందాం’ అని ఓపికగా వెతికే డాక్టర్‌ను నమ్మండి.

నరం నడిచే దారి

ముందు నరం దారి తెలియాలి, లేకపోతే సర్జన్ చెప్పేది అర్థం కాదు. వెన్నెముక అడుగున ఉన్న త్రికాస్థిలోంచి వచ్చే 2, 3, 4 నంబరు నరాల వేళ్లు కలిసి ఈ నరం అవుతుంది. కటి లోపలి నుంచి పిరుదులోకి వచ్చి, అక్కడ ఒక ఎముక మొనను చుట్టుకొని మళ్లీ లోపలికి తిరుగుతుంది. చిక్కంతా ఆ మలుపు దగ్గరే. ఎముకకూ ఎముకకూ బిగించి కట్టిన మోకుల్లాంటి రెండు లిగమెంట్లు అక్కడ ఉంటాయి. వెనకది సేక్రోట్యూబరస్, ముందుది సేక్రోస్పైనస్. నరం ఈ రెండు మోకుల సందులోంచి దూరిపోవాలి. ఆ తర్వాత కూర్చునే ఎముక లోపలి పక్కన, కండరపు పొరలో ఒక సన్నని సొరంగంలో సాగుతుంది. 19వ శతాబ్దపు ఐర్లండ్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు బెంజమిన్ ఆల్కాక్ పేరు మీద దాన్ని ఆల్కాక్ కాలువ అంటారు. చివరకు నరం మూడు కొమ్మలవుతుంది: మలద్వారానికి ఒకటి, మలద్వారానికీ మర్మాంగానికీ నడుమ ఉన్న భాగానికి ఒకటి, మర్మాంగానికి ఒకటి. మలమూత్రాలను బిగబట్టే కండరాలకు ఆజ్ఞలు పోయేది కూడా ఈ నరం వెంటే.

ప్యుడెండల్ అన్న పేరుకు లాటిన్ మూలం సిగ్గు. సిగ్గుపడాల్సిన చోటు అని పెట్టిన పేరు అది. ఆ సిగ్గే మన దగ్గర సగం జబ్బును దాచేస్తుంది. మగవాళ్లు ‘కింద మంట సార్’ అని ఆగిపోతారు. ఆడవాళ్లు అది కూడా అనలేక నడుము నొప్పి అంటారు. దాంతో మందులు నడుముకు పడతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ మొలలంటాడు. పట్నంలో ‘పైల్స్, ఫిషర్, ఫిస్టులా’ బోర్డు కింద కూర్చున్నాయన కూడా మొలలే అంటాడు. మగవాళ్లకు ప్రోస్టేట్ వాపు అని నెలల తరబడి యాంటీబయాటిక్స్ రాస్తారు. ఆడవాళ్ల విషయం ఇంకా బాధాకరం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15–49 ఏళ్ల తెలంగాణ ఆడవాళ్లలో నూటికి దాదాపు 8 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తం మీద అది 3 దగ్గర ఉంది. పొత్తికడుపు కింద ఏ నొప్పి వచ్చినా ‘సంచి తీసేస్తే పోతది’ అనే మాట మన పల్లెల్లో అంత మామూలైపోయింది. కూర్చుంటే పెరిగి లేస్తే తగ్గే మంటకు గర్భసంచి తీసేద్దామని ఎవరైనా అంటే, సంతకం పెట్టకముందే ఇంకో డాక్టర్‌ను కలవాలి.

కాబట్టి మొదటి మెట్టు నోరు తెరిచి చెప్పడం. ఇట్లా చెప్పండి: ‘సార్, కుడిపక్క మలద్వారం నుంచి ముందు దాకా మంట. కూసున్న ఇరవై నిమిషాలకు మొదలైతది. నిలబడితే నయం. లెట్రిన్‌ల కమోడ్ మీద కూసుంటే అంత ఉండదు. రాత్రి నిద్రల లేపదు.’ ఈ ఐదు మాటల్లో డాక్టర్‌కు కావాల్సింది చాలావరకు ఉంది. కమోడ్ మాట ముఖ్యం. దాని మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. మామూలు కుర్చీలో రాని హాయి అక్కడ వచ్చిందంటే అది గట్టి ఆనవాలు. ఆడవాళ్లు లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు, అక్కనో వదిననో లోపలికి తోడు తీసుకుపోవచ్చు. పరీక్షలో మలద్వారం లేదా యోని లోపలినుంచి వేలితో ఆ ఎముక మొన దగ్గర నొక్కి చూడాల్సి ఉంటుంది. ఆ పరీక్ష చేయకుండా ఆపరేషన్ మాట ఎత్తిన సర్జన్‌ను నేనైతే జాబితాలోంచి తీసేస్తాను.

ఫైలు తయారీ

రెండో మెట్టు ఫైలు. ఒక నోటుబుక్కు తీసుకొని రెండు వారాలు రాయండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నొప్పికి పదికి ఎన్ని మార్కులు. ఎంతసేపు కూర్చున్నారు, దేని మీద కూర్చున్నారు. మలవిసర్జన తర్వాత, కలయిక తర్వాత నొప్పి పెరిగిందా. ఏ మందు వేసుకుంటే ఎంత తగ్గింది. ఒక బొమ్మ గీసి నొప్పి ఉన్న చోట గీతలు పెట్టండి.

మీ పని ఏమిటో విడిగా రాయండి. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నేతగాళ్లు మగ్గం గుంట అంచున పలక మీద పొద్దంతా కూర్చుంటారు. లారీ, ట్రాక్టర్, జేసీబీ నడిపేవాళ్లు కుదుపుల మీద కూర్చుంటారు. 1987లో ఫ్రాన్స్‌లో జెరార్ అమరెంకో బృందం ఈ జబ్బును రాసింది సైకిల్ తొక్కేవాళ్ల గురించే, సన్నని సీటు కింద నుంచి నొక్కడం వల్ల వచ్చిన బాధ గురించే. పని వల్లే వచ్చిందని ముందే తీర్మానించకండి. కానీ రోజుకు పది గంటలు కూర్చునే మనిషికీ పొలంలో నిలబడి పనిచేసే మనిషికీ వైద్యం ఒకలా నడవదు.

పాత కాగితాలన్నీ కావాలి. మొలల ఆపరేషన్, కాన్పులో వేసిన కుట్లు, గర్భసంచి ఆపరేషన్, ముడ్డిపూస మీద పడ్డ దెబ్బ, షుగర్, ఒంటి మీద సర్పి లేచిన చరిత్ర, అన్నీ. ఆసుపత్రి కాగితాలు ఇవ్వమంటే మీకు హక్కుంది: 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది కూడా ఆ నియమాల్లోదే. సర్జన్ల జాబితా వేసుకునేటప్పుడు ఆ నంబరును వైద్య మండలి రిజిస్టర్‌లో చూసుకోండి.

ఇక మన జిల్లాల మాట. ఈ కథనం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఇదే.

నల్లగొండ ఫ్లోరైడ్ అనగానే గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు, గూని నడుము కళ్లముందు కదులుతాయి. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బును మొదట 1937లో నెల్లూరు వైపు గుర్తించారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోర్లలో ఆ హద్దు ఏనాడో దాటింది. ఫ్లోరైడ్ పేరుకున్న కొద్దీ ఎముక దట్టమవుతుంది, ఎముకను అంటిపెట్టుకున్న లిగమెంట్లలో సున్నం చేరి అవి గట్టిపడతాయి. ఎక్స్‌రేలో ఈ జబ్బును పోల్చుకోవడానికి ముంజేతి రెండు ఎముకల నడుమ పొరను చూస్తారు. కటిలో చూసేవి ఏవో తెలుసా? సేక్రోట్యూబరస్, సేక్రోస్పైనస్ లిగమెంట్లు. పైన చెప్పిన రెండు మోకులూ అవే. ప్యుడెండల్ నరం దూరిపోయే సందు అదే.

ఫ్లోరోసిస్ వల్లే ఈ నరం ఇరుక్కుంటుందని నేను అనడం లేదు. కానీ ఈ నేల మీద పుట్టి పెరిగి, బోరునీళ్లు తాగిన మనిషికి ఈ ఆపరేషన్ చేయబోయే సర్జన్ ఆ కటి ఎక్స్‌రేను చూసి తీరాలి. మెత్తని మోకును కోయడం వేరు, ఎముకలా బిగుసుకున్నదాన్ని తొలచడం వేరు. కత్తి, సమయం, రక్తస్రావం, అన్నీ మారిపోతాయి. ఇంకొకటి, ఫ్లోరోసిస్ వెన్నెముక గొట్టాన్ని ఇరుకు చేసి వెన్నుపామునూ నరాల వేళ్లనూ నొక్కుతుంది. హైదరాబాద్‌లో నాడీ శస్త్రవైద్యుడు డాక్టర్ డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ వల్ల నరాలకు వచ్చే ఈ బాధల మీదే ఏళ్ల తరబడి రాశారు. కాళ్లు బిగుసుకుపోయి, మూత్రం పట్టు తప్పి, కింద మొద్దుబారిన మనిషికి పిరుదులో నరం విడిపిస్తే ఏం లాభం? జబ్బు పైన వెన్నులో ఉంది. మిషన్ భగీరథ నీళ్లు ఇప్పుడు ఇంటింటికీ వస్తున్నాయి, అది మంచి మాట. కానీ నలభై ఏళ్లు బోరునీళ్లు తాగిన ఎముకలు ఆ నీళ్లతో వెనక్కి రావు. 50 దాటినవాళ్ల ఫైలులో కటి ఎక్స్‌రే, నడుము ఎంఆర్‌ఐ తప్పక ఉండాలి.

ఇది ఆ నరమేనా?

మూడో మెట్టు నిర్ధారణ. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో నాడీ శస్త్రవైద్యుడు రోజె రొబేర్, జాన్-జాక్ లబా బృందం ఈ జబ్బు మీద దశాబ్దాలు పనిచేసింది. 2008లో వాళ్లు ఐదు గుర్తులు అచ్చువేశారు, నాంత్ ప్రమాణాలని వాటికి పేరు. నొప్పి ఈ నరం పరిధిలోనే ఉండాలి. కూర్చుంటే పెరగాలి. రాత్రి నిద్రలోంచి లేపకూడదు. పరీక్షలో ఆ భాగం మొద్దుబారి ఉండకూడదు. నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తే నొప్పి పోవాలి. ఐదూ ఉంటేనే ఎంట్రాప్‌మెంట్ అనే మాటకు బలం. ఒట్టి ముడ్డిపూస నొప్పి, ఒట్టి పిరుదు నొప్పి, ఒట్టి దురద, ఉండి ఉండి మెరుపులా వచ్చిపోయేది మాత్రమే అయితే అది ఇది కాదు. స్కానింగ్‌లో నొప్పికి వేరే కారణం కనపడినా కాదు.

నాలుగో గుర్తును గమనించండి. మొద్దుబారడం ఉండకూడదు అన్నారు. కింద గుర్రపు జీను పడే మేర అంతా స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా, మలం పట్టు తప్పినా, కాళ్లలో బలం తగ్గినా ఇంకో వారం ఆగకండి. వెన్నులో నరాల కట్ట నలుగుతోందని అర్థం. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే త్రికాస్థిలో క్షయ, గడ్డ లాంటివి ముందు చూడాలి.

ఎంఆర్‌ఐలో చాలాసార్లు ఇరుక్కున్న నరం ‘కనపడదు’. ఎంఆర్‌ఐ ముఖ్యంగా వేరే జబ్బులు లేవని చూడడానికే. కరెంటు పెట్టి నరం వేగం కొలిచే పరీక్ష కూడా అంతే. అది బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, బాగలేనంత మాత్రాన ఉందనీ కాదు. కాన్పులు అయిన ఆడవాళ్లలో ఆ వేగం మామూలుగానే తగ్గి ఉండొచ్చు. ఒక్క రిపోర్టు చూపించి ‘నరం దెబ్బతింది, ఆపరేషనే’ అనేవాళ్ల దగ్గర జాగ్రత్త.

మత్తు ఇంజెక్షన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెయిన్ క్లినిక్‌లో అనస్థీషియా డాక్టర్లు సీటీ, ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్ చూస్తూ సూదిని ఎముక మొన దగ్గరకు పంపుతారు. స్కానింగ్ సాయం లేకుండా గుడ్డిగా ఇచ్చిన ఇంజెక్షన్‌ను పరీక్షగా లెక్కపెట్టలేం. ఇంజెక్షన్ తర్వాత మనవాళ్లు చేసే తప్పు ఇంటికి పోయి పడుకోవడం. పడుకుంటే నొప్పి ఎట్లాగూ ఉండదు కదా. మత్తు ఉన్న ఆ కొద్ది గంటల్లో కావాలని కూర్చోవాలి, రోజూ నొప్పి లేపే కుర్చీలోనే కూర్చోవాలి. అరగంటకోసారి నోటుబుక్కులో మార్కులు వేయాలి. కూర్చున్నా నొప్పి పోతే గుర్తు నిలిచింది. పోకపోతే వేరే కారణం వెతకాలి.

ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ కలిపితే జబ్బే పోతుందని కొందరు చెబుతారు, మూడోసారి, నాలుగోసారి కూడా రమ్మంటారు. 2017లో అచ్చయిన ఒక ఫ్రాన్స్ పరీక్షలో 201 మందిని చీటీలేసి పంచి చూశారు. స్టెరాయిడ్ కలిపినందువల్ల మూడు నెలల తర్వాత అదనపు మేలేమీ తేలలేదు. ఈ ఇంజెక్షన్ ప్రధానంగా పరీక్ష. వైద్యం అనుకొని అప్పు తెచ్చి వరసగా వేయించుకోకండి.

కత్తి కంటే ముందు

నిర్ధారణ అయ్యాక కూడా కొన్ని నెలలు కోత లేని వైద్యం నిజాయితీగా చేయాలి. కూర్చునే పని తగ్గించడం, మధ్యలో ఖాళీ ఉండి ముందో వెనకో తెరిచి ఉన్న దిండు వాడడం, అమిట్రిప్టిలిన్, ప్రీగాబాలిన్ లాంటి నరాల మందులను డాక్టర్ చెప్పిన మోతాదులో వాడడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం. కటి అడుగు కండరాలు బిగుసుకుపోయి కూడా అచ్చం ఇలాంటి నొప్పే వస్తుంది, దానికి ఆ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు కావాలి. ఇక్కడ కండరాన్ని వదులు చేయడం నేర్పాలి, బిగించడం కాదు. వీడియోలు చూసి కింద బిగించే వ్యాయామాలు మొదలుపెడితే నొప్పి పెరగొచ్చు.

మగ్గం వదిలేయమని, లారీ దిగమని చెప్పడం తేలికే, ఇల్లు గడవాలి కదా అంటారు. నిజమే. కానీ ఆపరేషన్ అయినా నెలల తరబడి ఆ పని ఆపాల్సిందే. ముందే ఆపి చూస్తే కొందరికి ఆపరేషన్ అవసరమే పడదు.

ఇద్దరు సర్జన్లు, రెండు దారులు

ఇంత చేసినా నొప్పి నిలిచి, ఐదు గుర్తులూ ఉంటే అప్పుడు సర్జన్. ఇక్కడొక విచిత్రం. ఈ ఆపరేషన్ ఏ ఒక్క శాఖకూ సొంతం కాదు. న్యూరోసర్జన్లు చేస్తారు, యూరాలజిస్టులు చేస్తారు, గైనకాలజిస్టులు చేస్తారు, ఆర్థోపెడిక్ సర్జన్లు కూడా చేస్తారు. బోర్డు మీది డిగ్రీ చూసి ఏమీ తేల్చుకోలేం. దారులు కూడా వేరు.

రొబేర్ దారి పిరుదు మీదుగా. పెద్ద కండను పోగుల వెంట విడదీసి, వెనక మోకును తెరిచి, ముందు మోకును కోసి, నరాన్ని ఎముక మొన ముందుకు జరిపి, ఆల్కాక్ కాలువను విప్పుతారు. నరం ఇరుక్కునే రెండు చోట్లూ కంటి ముందుంటాయి. వెనక మోకు కోస్తే కటి కీలు వదులై నడుము నొప్పి రావొచ్చనే భయం ఉంది. అందుకే కొందరు దాన్ని చివర్లో తిరిగి కుడతారు. అమెరికాలోని ఫీనిక్స్‌లో మైకేల్ హిబ్నర్ ఆ పద్ధతి నడిపారు. ఫ్రాన్స్‌కే చెందిన ఎరిక్ బోత్రాన్ దారి ఆడవాళ్లలో యోని గోడ మీదుగా. వెనక మోకు జోలికి పోదు. ఈజిప్టులో అహ్మద్ షఫీక్ 1990ల తొలినాళ్లలో కింద నుంచి, మలద్వారం పక్కన కోతతో ఆల్కాక్ కాలువను విప్పేవారు. ఆ దారిలో పైన మోకుల సందును విప్పడం కష్టం. ఇప్పుడు పొట్ట మీదుగా లాపరోస్కోపీ, రోబో దారి కూడా ఉంది. లోపలి మొదటి భాగం బాగా కనపడుతుంది, కాలువ చివర దాకా పోవడం కష్టం.

మీ ముందు ఇద్దరున్నారనుకోండి. ఒకరు కార్పొరేట్ ఆసుపత్రిలో రోబోతో, చిన్న రంధ్రాలతో చేస్తారు. ఇంకొకరు పిరుదు మీద కోతతో చేసే న్యూరోసర్జన్. ఇంట్లోవాళ్లు వెంటనే చిన్న రంధ్రాల వైపు మొగ్గుతారు, ‘కుట్లు తక్కువ, తొందరగా ఇంటికి రావొచ్చు’ అని. కోత పొడుగును బట్టి ఎంచుకోవద్దు. మొదట అడగాల్సింది: మీ పరీక్షలో నా నరం ఎక్కడ ఇరుక్కుందనుకుంటున్నారు, మీ దారి ఆ చోటికి చేరుతుందా? వేలితో నొక్కినప్పుడు ఎముక మొన దగ్గర మంట లేచిందా, కింద కాలువ వెంట లేచిందా? ఈ ప్రశ్నకు ఒకరు మీ ఫైలు తిప్పి చూసి జవాబు చెబుతారు, ఇంకొకరు యంత్రం గురించి చెబుతారు. తేడా అక్కడే తెలుస్తుంది.

తర్వాత లెక్క అడగండి. ‘సార్, ఈ ఆపరేషన్ మీ చేతుల మీద ఎంతమందికి చేసిండ్రు? ఏడాది దాటినంక ఎంతమంది కూసుంటున్నరు? ఎంతమందికి తగ్గలేదు?’ మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు, తప్పు పట్టేవాళ్లయితే అదే జవాబు. తగ్గనివాళ్లు ఒక్కరూ లేరని చెప్పే సర్జన్ నిజం చెప్పడం లేదు. నాంత్ బృందమే 32 మందిని చీటీలేసి పంచి చేసిన పరీక్షను 2005లో ప్రచురించింది. ఏడాది తర్వాత ఆపరేషన్ జరిగినవాళ్లలో నూటికి 71 మందికి మెరుగు, జరగనివాళ్లలో 13 మందికి. అది చిన్న పరీక్ష, చేసినవాళ్లు ప్రపంచంలోనే చేయి తిరిగినవాళ్లు. అయినా నూటికి నూరు కాదు. మెరుగు అన్నది పూర్తిగా నయం కావడం కూడా కాదు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. కోసేది మీరేనా, మీ కింద డాక్టరా? ఒక పక్కేనా, రెండు పక్కలా, ఎందుకు? వెనక మోకును కోస్తారా, తిరిగి కుడతారా? నాది ఫ్లోరైడ్ ఊరు, ఈ ఎక్స్‌రే చూసి మీ పద్ధతి ఏమైనా మారుతుందా? లోపల తెరిచాక నరం ఇరుక్కోలేదని తేలితే ఏం చేస్తారు? తగ్గకపోతే తర్వాతి మెట్టు ఏమిటి? మీ దగ్గర పెయిన్ డాక్టర్, ఫిజియోథెరపిస్టు కలిసి చూస్తారా? చివరిది చాలా ముఖ్యం. ఒంటరిగా కత్తి పట్టే మంచి సర్జన్ కంటే, ఆపరేషన్‌కు ముందూ వెనకా మనిషిని పట్టుకొని ఉండే బృందంలోని సర్జన్ మేలని నా నమ్మకం. రెండో అభిప్రాయం మీ హక్కు. మొదటి డాక్టర్‌కు చెప్పే తీసుకోండి, దాచాల్సిన పని లేదు.

ఇద్దరూ సమానంగా తూగితే ఎక్కువమందికి చేసినవారి వైపు మొగ్గండి. మన రాష్ట్రంలో అట్లాంటివారు దొరక్కపోతే బయటికి పోవడం గురించి ఆలోచించండి. కానీ ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు చూపించుకోవడానికి ఎట్లా పోతారో అదీ లెక్కలో వేసుకోండి.

డబ్బు, సంతకం

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. అప్పుడు 2 లక్షలున్న హద్దు 2023 డిసెంబరులో 10 లక్షలైంది. హద్దు పెరిగినంత మాత్రాన ప్రతి ఆపరేషన్ జాబితాలో ఉండదు. సర్జన్ రాసే ఆపరేషన్ పేరు ఏ ప్యాకేజీ కింద వస్తుందో, అసలు వస్తుందో రాదో, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అడగండి. ‘అడ్మిట్ అయినంక చూద్దాం’ అంటే ఒప్పుకోకండి. నిమ్స్‌లో అయితే సీఎం సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చుకు హామీ పత్రం) దారి ఉంది. దానికి ఖర్చు అంచనా కాగితం కావాలి కాబట్టి తేదీ ఖాయం కాకముందే తిరగడం మొదలుపెట్టండి. పొలం అమ్మాల్సి వస్తోందంటే నా సలహా ఒకటే: ఇంకో అభిప్రాయం తీసుకునేదాకా ఆగండి. ఇది రేపే చేయకపోతే ప్రాణం పోయే ఆపరేషన్ కాదు.

సంతకం పెట్టే కాగితం తెలుగులో చదివించుకోండి. ఒక మహిళకు పరీక్ష కోసం మత్తిచ్చి, ఆమెను అడగకుండానే గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఒక పనికి ఇచ్చిన ఒప్పుకోలు ఇంకో పనికి చెల్లదు, ప్రాణం మీదికి వస్తే తప్ప. సమీరా కోహ్లీ కేసుగా అది వైద్యులందరికీ తెలుసు. కాబట్టి ఏ పక్క, ఏ దారి, ఏ మోకు కోస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. ‘అవసరమైతే ఇతర ఆపరేషన్లు’ అన్న మాట ఉంటే, ఏవో రాయమనండి.

ఆపరేషన్‌కు పోయేరోజు బస్సు కంటే రైలు మేలు. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు, నల్లగొండ నుంచి సికింద్రాబాద్‌కు రైళ్లున్నాయి, నిలబడొచ్చు, బెర్త్ దొరికితే పడుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు కారులో వెనక సీటులో పక్కకు తిరిగి పడుకొని రావాలి.

ఇంటికి వచ్చిన మొదటి వారాల్లో నొప్పి పెరగొచ్చు. నరం నెమ్మదిగా కోలుకుంటుంది. మేలు కనపడడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. మూడో నెలలోనే ఫెయిలయిందని ఇంకో సర్జన్ దగ్గరకు పరుగెత్తకండి. అదే నోటుబుక్కులో అవే మార్కులు రాస్తూ పోండి. జ్వరం, కుట్ల దగ్గర చీము, మలమూత్రాల పట్టు తప్పడం ఉంటే మాత్రం ఆ రోజే ఫోన్ చేయండి.

ఫైలు కట్టేటప్పుడు మొదటి పేజీలో మీ ఊరి పేరు, ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారో రాయండి. హైదరాబాద్ సర్జన్‌కు ఆ ప్రశ్న తట్టకపోవచ్చు. మీరే చెప్పాలి.